కదలికకూ ఒక మోతాదు

తలకు తగిలిన దెబ్బ వల్ల గాని, ఒంటికి తగిలిన దెబ్బ అదురు తలదాకా పాకడం వల్ల గాని మెదడు పనితీరు కొంతకాలం గాడి తప్పే స్థితిని వైద్యులు కంకషన్ అంటారు. పుర్రె పగలకపోయినా, లోపల రక్తం గడ్డకట్టకపోయినా, పైకి బొప్పి అయినా కట్టకపోయినా ఈ స్థితి కలగవచ్చు. స్పృహ తప్పితేనే దెబ్బ గట్టిదన్న నమ్మకం జనంలో బలంగా ఉంది గాని, ఆటల్లో కంకషన్‌కు గురైనవారిలో స్పృహ తప్పేవారు నూటికి పదిమందికన్నా తక్కువే. తలనొప్పి, తల తిరగడం, వెలుతురునూ శబ్దాన్నీ భరించలేకపోవడం, చదివిన వాక్యం గుర్తు నిలవకపోవడం, నిద్ర చెదరడం, చిన్న విషయానికే చిరాకు పుట్టడం దీని ముఖ్య లక్షణాలు. సీటీ స్కాన్ చేయిస్తే సాధారణంగా ఏ లోపమూ కనిపించదు. ఆ స్కాన్ మెదడు నిర్మాణాన్ని చూపిస్తుందే తప్ప పనితీరును చూపించదు గనుక, 'స్కానింగులో ఏమీ లేదు' అన్న మాటకు లోపల రక్తస్రావం వంటి పెద్ద గాయం కనిపించలేదన్నదే అర్థం. రోగి పడుతున్న బాధ ఉత్తిదని కాదు. ఈ తేడాను ఇంట్లోవారికి ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల, పుస్తకం ముందు కూర్చోలేని విద్యార్థి బద్ధకస్తుడనిపించుకుంటాడు, వంటింటి చప్పుళ్లకే తల పట్టుకునే ఇల్లాలు నటిస్తోందనిపించుకుంటుంది. దెబ్బకన్నా ఈ మాటే వారిని ఎక్కువ కుంగదీస్తుంది.

కంకషన్ అన్న మాట తెలుగు ఇళ్లలోకి ఎక్కువగా క్రికెట్ ద్వారా వచ్చింది. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి మెడకు తగిలి కుప్పకూలిన స్టీవ్ స్మిత్, కాసేపటికి లేచి మళ్లీ బ్యాటింగ్ చేసినా, మరునాటి ఉదయానికి తలనొప్పీ మత్తూ కమ్ముకోవడంతో ఆటకు దూరమయ్యాడు. అతని స్థానంలో దిగిన మార్నస్ లబుషేన్ టెస్టు చరిత్రలో తొలి కంకషన్ ప్రత్యామ్నాయ ఆటగాడయ్యాడు. మరుసటి ఏడాది డిసెంబరులో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా హెల్మెట్‌కు బంతి తగిలినప్పుడు యుజ్వేంద్ర చాహల్ అలాగే బరిలోకి దిగాడు. స్మిత్ ఉదంతంలో గమనించవలసినది, దెబ్బ తగిలిన గంటలో బాగానే ఉన్న మనిషికి తెల్లవారేసరికి లక్షణాలు బయటపడవచ్చునన్న సంగతి. అయితే తెలుగునాట ఈ గాయం క్రీడామైదానంలోకన్నా రోడ్డు మీదే ఎక్కువగా ఎదురవుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. బతికి బయటపడి, విరిగిన చేతికి కట్టు కట్టించుకుని ఇల్లు చేరినవారిలో, తలకు తగిలిన కుదుపును తామూ పట్టించుకోక, వైద్యుడికీ చెప్పక ఊరుకునేవారు ఎందరో ఉంటారు. హెల్మెట్ పుర్రెను కాపాడి ప్రాణం నిలబెడుతుంది, దాన్ని పెట్టుకోకుండా బండెక్కడం క్షమించరాని తప్పు. కాని పుర్రె లోపల ద్రవంలో తేలుతున్న మెదడు ఒక్కసారిగా ముందుకు ఊగి మెలితిరగడాన్ని ఏ హెల్మెటూ పూర్తిగా ఆపలేదు.

ఇంకేమీ చెప్పుకోకముందే చెప్పుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. తలకు దెబ్బ తగిలినవారికి తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పినా, లేపినా లేవనంత మగత కమ్ముతున్నా, రెండు కనుపాపలు ఒకే పరిమాణంలో లేకపోయినా, ముక్కు నుంచో చెవి నుంచో పలచని ద్రవం కారుతున్నా అది ఫిజియోథెరపీకి వెళ్లే సమయం కాదు, అత్యవసర విభాగానికి పరుగెత్తవలసిన సమయం. ఈ ప్రమాద సంకేతాలు లేవని వైద్యుడు తేల్చిన తరువాతే కింద చెప్పబోయే విషయాలన్నీ వర్తిస్తాయి.

కంకషన్‌లో మెదడు కణాలకు ఏమవుతుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ శాఖకు చెందిన క్రిస్టఫర్ గీజా, డేవిడ్ హోవ్డా 2001లో ప్రచురించిన వ్యాసం స్పష్టంగా వివరించింది. కుదుపు తగిలిన క్షణంలో నాడీకణాల పొరల గుండా పొటాషియం బయటికి పొర్లి, కాల్షియం లోపలికి చొరబడుతుంది. ఈ లవణాలను మళ్లీ యథాస్థానానికి చేర్చడానికి కణంలోని పంపులు ఎడతెరిపి లేకుండా పనిచేస్తూ మామూలుకన్నా ఎక్కువ గ్లూకోజ్ ఖర్చు చేస్తాయి. సరిగ్గా అదే సమయంలో మెదడుకు చేరే రక్తప్రవాహం తగ్గుతుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ రోజుల్లో మెదడు అలా ఉంటుంది గనుక చదువు, ఫోన్ తెర, పెద్ద శబ్దం వంటి మామూలు పనులే దానికి భారమవుతాయి. మెదడు ఈ స్థితిలో ఉండగా తలకు రెండో దెబ్బ తగలడం చాలా ప్రమాదకరమని, అందుకే ఆటగాణ్ని అదే రోజు తిరిగి మైదానంలోకి పంపకూడదని నిపుణులు పట్టుబడుతున్నారు.

ఈ శక్తి కొరతను చూసిన వైద్యలోకం సహజంగానే విశ్రాంతిని మందుగా ఎంచుకుంది. చాలాకాలం కంకషన్ రోగికి చీకటి గది, మూసిన తలుపు, పుస్తకం వద్దు, స్నేహితులు వద్దు, నడక కూడా వద్దు అన్న సలహా దొరికేది. లక్షణాలన్నీ పూర్తిగా పోయేదాకా ఇలాగే ఉండమనేవారు. 2015లో అమెరికాలోని మిల్వాకీలో 11 నుంచి 22 ఏళ్ల వయసువారి మీద జరిగిన పరీక్ష ఈ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది. అయిదు రోజుల కఠిన విశ్రాంతి తీసుకున్నవారు, ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత మెల్లగా పనుల్లో పడినవారికన్నా త్వరగా కోలుకోకపోగా, తమకు ఎక్కువ లక్షణాలున్నాయని చెప్పారు. చీకటి గదిలో పడుకున్న మనిషికి తన తల తప్ప ఆలోచించడానికి మరేదీ ఉండదు. పగటి నిద్ర రాత్రి నిద్రను చెడగొడుతుంది. కదలని శరీరం రోజుల్లోనే సత్తువ కోల్పోతుంది. దెబ్బ వల్ల పుట్టిన బాధ ఏదో, విశ్రాంతి వల్ల పుట్టిన బాధ ఏదో విడదీయలేని స్థితి వస్తుంది.

నడుము నొప్పి విషయంలో వైద్యలోకం ఇదే పాఠాన్ని అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందే నేర్చుకుంది. 1986లో అమెరికా వైద్యుడు రిచర్డ్ డేయో బృందం నడుము నొప్పితో వచ్చిన 203 మందిలో కొందరికి రెండు రోజులు, మిగిలినవారికి ఏడు రోజులు మంచం మీద విశ్రాంతి సూచించి చూసింది. రెండు రోజుల వర్గం పని మానుకున్న రోజులు రెండో వర్గంకన్నా 45 శాతం తక్కువగా ఉన్నాయి, నొప్పి తగ్గడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తల వేరు, నడుము వేరు అనుకున్న రెండు శాఖలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే చోటికి చేరడం ఈ చికిత్సల చరిత్రలో గొప్ప విశేషం. విశ్రాంతి చెడ్డదన్న తీర్మానానికి ఎవరూ రాలేదు; విశ్రాంతికీ ఒక మోతాదు ఉందని, అది దాటితే మందే జబ్బవుతుందని రెండు శాఖలూ గ్రహించాయి.

మరి కదలికకు మోతాదు ఎలా కొలవాలి? ఈ ప్రశ్నకు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ లెడ్డీ, బ్యారీ విల్లర్ చక్కని జవాబు కనిపెట్టారు. రోగిని గంటకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ నిమిషనిమిషానికి వాలు కొద్దికొద్దిగా పెంచుతారు. ప్రతి నిమిషం గుండె వేగాన్ని, రోగి చెప్పే బాధ స్థాయిని రాసుకుంటారు. తలనొప్పి గాని తల తిరగడం గాని మొదటికన్నా స్పష్టంగా పెరిగిన క్షణంలో ఆపేస్తారు. ఆ క్షణంలో ఉన్న గుండె వేగమే ఆ మనిషికి ఆ వారానికి ఉన్న హద్దు. ఉదాహరణకు హద్దు నిమిషానికి 140 అయితే, అందులో 80 శాతం, అంటే 112 దగ్గర గుండె వేగాన్ని నిలుపుతూ రోజుకు ఇరవై నిమిషాలు నడవమంటారు. కోలుకునేకొద్దీ హద్దు పైకి జరుగుతుంది, మోతాదు దానితోపాటు పెరుగుతుంది. కౌమారంలో ఉన్న 103 మంది ఆటగాళ్ల మీద ఈ బృందం చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఇలా నడిచినవారు మధ్యస్థంగా 13 రోజుల్లో కోలుకోగా, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారికి 17 రోజులు పట్టింది. తేడా నాలుగు రోజులే కదా అనిపించవచ్చు గాని, కదిలితే మెదడు చెడుతుందన్న పాత భయానికి ఆ నాలుగు రోజులు గట్టి సమాధానం. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా మొదటి ఒకటి రెండు రోజులు తేలికపాటి ఇంటిపనులకు పరిమితమై, ఆపైన నడక వంటి వ్యాయామం మొదలుపెట్టాలని సూచించింది. వ్యాయామంలో బాధ పదింటికి రెండు పాయింట్లకు మించి పెరగకుండా, పెరిగినది గంటలోపు తగ్గిపోయేలా ఉంటే ఆ మోతాదు తగినదేనని వారి కొలత. ట్రెడ్‌మిల్ లేని ఊళ్లో కూడా మణికట్టు దగ్గర నాడి చూడటం నేర్పితే ఈ పద్ధతిని చాలావరకు అనుసరించవచ్చు.

అయితే నెల దాటినా తగ్గని బాధకు కారణం ప్రతిసారీ మెదడే కాదు. ఈ మాట రోగికి ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేము, ఎందుకంటే మిగిలిన కారణాల్లో చాలావాటికి చేతితో చేసే చికిత్స ఉంది. వాటిలో మొదటిది మెడ. మెదడును కుదిపేంత బలం దాన్ని వదిలిపెట్టడం అరుదు. మెడలోని పై మూడు వెన్నుపూసల నుంచి వచ్చే నరాల వార్తలు, ముఖం నుంచీ నుదురు నుంచీ వచ్చే నరాల వార్తలు మెదడు కాండంలో ఒకే కూడలికి చేరతాయి గనుక, మెడ కీలులో పుట్టిన నొప్పి నుదుటి మీదో కంటి వెనకో పుట్టినట్టు తోస్తుంది. అలాంటి తలనొప్పికి ఎన్ని మాత్రలు మింగినా తాత్కాలిక ఉపశమనమే దొరుకుతుంది. మెడ కీళ్లను సడలించి, లోపలి చిన్న కండరాలకు బలం చేకూర్చినప్పుడు తగ్గుముఖం పడుతుంది. మెడకు మరో పని కూడా ఉంది: తల ఏ దిశలో ఉందో అది క్షణక్షణం మెదడుకు తెలియజేస్తుంది. ఆ సమాచారం చెడిందో లేదో తెలుసుకోవడానికి ఫిజియోథెరపిస్టు రోగి తలకు చిన్న లేజర్ దీపం కట్టి, గోడ నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని తల పక్కకు తిప్పి మళ్లీ నడిమికి తెమ్మంటాడు. గోడ మీది వెలుగు చుక్క బయలుదేరిన చోటికి ఎంత దూరంలో ఆగిందో కొలిస్తే చాలు. ఆరేడు సెంటీమీటర్లు దాటి తప్పుతుంటే మెడ చెబుతున్న లెక్క నమ్మదగినది కాదు. విచిత్రమేమంటే ఆ పరీక్షే చికిత్స కూడా: రోజూ కొన్నిసార్లు గురిపెట్టి సాధన చేస్తే తప్పు క్రమంగా తగ్గుతుంది.

రెండో కారణం లోపలి చెవి. అక్కడ ఉన్న మూడు అర్ధవృత్తాకార గొట్టాలు తల తిరిగే వేగాన్ని పసిగట్టి కళ్లకు తెలియజేస్తాయి; దాని వల్లనే బస్సు కుదుపుల్లో కూడా దారి పక్కన బోర్డు చదవగలుగుతున్నాము. తల కుడికి తిరిగినంత వేగంగా కళ్లు ఎడమకు తిరిగి చూపును నిలుపుతాయి. కుదుపు వల్ల ఈ పొత్తు చెడితే, తల తిప్పిన ప్రతిసారీ ఎదుటి ప్రపంచం జారినట్టవుతుంది. చేయి చాచి బొటనవేలి మీద చూపు నిలిపి, గోరు మసకబారనంత వేగంతో తలను అటూ ఇటూ తిప్పడం దీనికి సాధన; మొదట అర నిమిషం, తరువాత నిమిషం, ఆపైన నిలబడి, ఆపైన నడుస్తూ. మంచం మీద పక్కకు దొర్లగానే గది గిర్రున తిరిగి, నిమిషం లోపే ఆగిపోయే మరో రకం తల తిరుగుడు ఉంది. లోపలి చెవిలో ఒకచోట అతుక్కుని ఉండవలసిన కాల్షియం కార్బొనేట్ రేణువులు ఊడి గొట్టంలోకి జారడం దీనికి కారణం. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1980లో రూపొందించిన పద్ధతిలో తలను వరుసగా కొన్ని భంగిమల్లో నిలిపి ఆ రేణువులను బయటికి దొర్లిస్తారు. వారాల తరబడి గోడ పట్టుకుని నడిచిన మనిషి ఒకటి రెండు సార్లు చేయించుకున్న ఈ చికిత్సతో తేరుకోవడం తరచుగా జరిగేదే.

తల తిరుగుతుంటే తలను కదిపి మరీ నయం చేయడమన్న ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో టెరెన్స్ కాథోర్న్, ఎఫ్.ఎస్. కుక్సీ తలకూ లోపలి చెవికీ గాయాలైనవారిని గమనించి, తల కదపడానికి భయపడి బిగుసుకుపోయినవారికన్నా త్వరగా కదపడం మొదలుపెట్టినవారే ముందు కోలుకుంటున్నారని గుర్తించి, కళ్లకూ తలకూ క్రమబద్ధమైన వ్యాయామాలు కూర్చారు. దశాబ్దాల తరువాత, 2014లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయపు ఫిజియోథెరపిస్టు క్యాథ్రిన్ ష్నైడర్ మెడకూ లోపలి చెవికీ కలిపి చేసే చికిత్సను పరీక్షించింది. ఆటల్లో కంకషన్‌కు గురై, తలనొప్పి, మెడనొప్పి, తల తిరగడం ఎంతకీ తగ్గని యువతను ఎంచుకోగా, ఈ చికిత్స పొందిన 15 మందిలో 11 మంది ఎనిమిది వారాల్లో ఆటకు తిరిగి వెళ్లవచ్చునని వైద్యులు తేల్చారు. మామూలు చికిత్సతో సరిపెట్టిన 14 మందిలో ఒక్కరే ఆ స్థితికి చేరారు. పరీక్ష చిన్నదే, అయినా ఇంత స్పష్టమైన తేడా ఈ రంగంలో అరుదు. ఇది తెలిసిన తరువాత కూడా కంకషన్ రోగి మెడను చేతితో తాకి చూడకుండా మాత్రలు రాసి పంపడం న్యాయం కాదు.

ఇక కండరాలు, కీళ్లు, వెన్నుపూసల నొప్పుల సంగతి. ప్రపంచంలో 2020 నాటికి 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారని, మనుషులు అశక్తతతో గడిపే సంవత్సరాలకు ఇదే ప్రథమ కారణమని అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. ఇక్కడ స్కాన్ చేసే హాని కంకషన్‌లో చేసే హానికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఏమీ కనిపించక బాధను అబద్ధం చేస్తుంది. ఇక్కడ ఏదో ఒకటి కనిపించి లేని భయాన్ని నిజం చేస్తుంది. ఏ నొప్పీ లేని మనుషుల వెన్ను స్కాన్లను పరిశీలించిన పరిశోధనలన్నిటినీ 2015లో కలిపి చూస్తే, ఇరవై ఏళ్లవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నట్టు తేలింది. జుట్టు నెరవడంలాంటి ఈ మార్పునే జబ్బని నమ్మి, 'డిస్క్ జారిందట, ఇక వంగకూడదట' అని ఏళ్ల తరబడి వంగడమే మానుకున్నవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వంగని నడుము మరింత బిగుస్తుంది, బిగిసిన నడుము వంగినప్పుడు మరింత నొస్తుంది, ఆ నొప్పి భయాన్ని పెంచుతుంది. నొప్పి అన్నది శరీరంలో జరిగిన నష్టానికి కొలబద్ద కాదు, శరీరాన్ని కాపాడడానికి నాడీవ్యవస్థ మోగించే గంట. ఆ గంట ఒక్కోసారి గాయం మానిన తరువాత కూడా చిన్న తాకిడికే మోగుతూ ఉంటుంది. ఎంత కదలిక సురక్షితమో శరీరానికి మళ్లీ అలవాటు చేయడమే ఫిజియోథెరపీలో అసలు పని. మల మూత్రాల పట్టు తప్పడం, తొడల నడుమ స్పర్శ పోవడం, కాలు చచ్చుబడటం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి నడుము నొప్పికి తోడైతే మాత్రం వెంటనే వైద్యుణ్ని కలవాలి.

బెణుకుల విషయంలోనూ ఇదే కథ. విశ్రాంతి, మంచు, బిగింపు కట్టు, కాలు ఎత్తి పెట్టడం అన్న నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచూ పూర్తి విశ్రాంతీ మానుదలను ఆలస్యం చేయవచ్చునని 2014లో తన మాటను తానే సవరించుకున్నాడు. తన పేరుతో ముడిపడిన సిద్ధాంతాన్ని అలా దిద్దుకోవడానికి నిజాయితీ కావాలి. తెలుగువారికి బాగా తెలిసిన పుత్తూరు కట్టును గాని, ఆసుపత్రి పిండికట్టును గాని విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికే వేస్తారు. కట్టు విప్పిన రోజున చికిత్స ముగిసిందనుకోవడంలోనే పొరపాటు ఉంది. వారాల తరబడి కదలని మోకాలూ మోచేయీ బిగుసుకుపోయి ఉంటాయి గనుక, కీలుకు కదలికనూ కండకు బలాన్నీ తిరిగి తెచ్చే పని ఆ రోజునే మొదలవుతుంది.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం అన్న అభిప్రాయం మన ఊళ్లలో స్థిరపడిపోయింది. చర్మం మీద నుంచి విద్యుత్తు పంపే ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, ట్రాక్షన్, మైనం కాపడం వంటివి కాసేపు హాయినిస్తాయి, కొందరికి వ్యాయామం మొదలుపెట్టే ధైర్యాన్నిస్తాయి. కాని దీర్ఘకాలపు నడుము నొప్పిని ఈ యంత్రాలే నయం చేస్తాయనడానికి తగిన ఆధారం లేదు. పది రోజులు పడుకుని యంత్రం పెట్టించుకుని, ఒక్క వ్యాయామమైనా నేర్చుకోకుండా ఇంటికి వెళ్లిన రోగికి అందింది చికిత్సలో సగం కూడా కాదు. ఇందుకు భిన్నంగా, ఖర్చు లేని మందు ఎంత పనిచేస్తుందో ఆస్ట్రేలియాలో 701 మంది మీద జరిగి 2024లో వెలువడిన పరీక్ష చూపించింది. నడుము నొప్పి తగ్గిన తరువాత ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా పెంచుకుంటూ నడక సాగించినవారికి, రోజువారీ పనులను అడ్డుకునేంత నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, అలా నడవనివారికి 112 రోజులకే వచ్చింది.

హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్ వంటి సంస్థలు ఫిజియోథెరపిస్టులను తయారుచేస్తున్నాయి. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఈ వృత్తిని జాతీయ కమిషన్ పరిధిలోకి తెచ్చింది. అయితే ఇక్కడివారికి మోతాదు నిర్ణయించడం మిల్వాకీలోనో ఆస్ట్రేలియాలోనో నిర్ణయించినంత సులువు కాదు. రోజంతా వంగి వరినాట్లు వేసే కూలీకి, నిజామాబాద్ జిల్లాలో చేట ఒడిలో పెట్టుకుని మెడ వంచి బీడీలు చుట్టే మనిషికి విశ్రాంతి అంటే ఆ పూట కూలి పోవడం. 'ఈ పని మానేయండి' అన్న సలహా వారికి సలహా కాదు. వారి విషయంలో మొదట అడగవలసినది నొప్పి ఎక్కడ అని కాదు, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏమేం చేస్తారని. గట్టు మీదికి వచ్చిన ప్రతిసారీ నడుం మీద చేతులుంచి పదిసార్లు వెనక్కి వంగడం, బీడీల కట్ట పూర్తయినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయడం, చేటను ఒడిలోంచి చిన్న పీట మీదికి మార్చడం, నాటే పనీ నారు అందించే పనీ ముఠాలో వంతులవారీగా పంచుకోవడం వంటివి ఆ జవాబులోంచే పుడతాయి.